విడాకుల కేసు నడుస్తుండగా ఇంటిని అమ్మవచ్చా?

క్లుప్తంగా: విడాకుల పిటిషన్ వేసినంత మాత్రాన ఇంటి అమ్మకం ఆగదు. భార్యాభర్తల ఆస్తిని ఉమ్మడి సొత్తుగా చూసి చెరిసగం పంచే చట్టం మన దేశంలో గోవాలో తప్ప లేదు. దస్తావేజు ఎవరి పేరున ఉందో ఇల్లు వారిదే. కానీ పేరు లేకపోయినా ఆ ఇంట్లో ఉండే హక్కు భార్యకు 2005 నాటి గృహహింస నిరోధక చట్టం ఇచ్చింది. అమ్మకం తగాదాలు ఎక్కువగా ఈ రెండు హక్కుల మధ్య పుడతాయి. ఏది నిలుస్తుందన్నది ఎవరు, ఏ కోర్టులో, ఏమి కోరుతూ, ఎంత త్వరగా వెళ్లారన్న దాని మీద ఆధారపడుతుంది.

ఓపీ వేరు, స్టే వేరు

"విడాకుల ఓపీ వేశాం కదా, ఇక ఇల్లెలా అమ్ముతారు?" ఫ్యామిలీ కోర్టుల ఆవరణలో తరచూ వినిపించే ప్రశ్న ఇది. అమ్మగలరు. ఓపీ అంటే విడాకుల పిటిషన్; అది తేల్చేది వివాహబంధం ఉండాలా తెగిపోవాలా అన్న విషయాన్ని. అందులో ఇంటి ప్రస్తావనే లేకపోతే ఆ ఇంటి మీద కోర్టు చూపు పడదు. సబ్ రిజిస్ట్రార్ దగ్గరికి వచ్చిన అమ్మకం పత్రం మీద సంతకం చేసిన వ్యక్తి ఫలానావారేనా, స్టాంపు డ్యూటీ సరిపోయిందా, నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందా అన్నవే చూస్తారు. ఆ వ్యక్తి సంసారం ఎలా నడుస్తోందో ఆరా తీసే బాధ్యత ఆ కార్యాలయానికి లేదు. భార్య పట్టుకెళ్లి ఇచ్చే అభ్యంతర పత్రానికి కోర్టు ఉత్తర్వు తోడుగా లేకపోతే రిజిస్ట్రేషన్ ఆపేంత బలం ఉండదు.

హిందూ వివాహ చట్టం, 1955లో ఆస్తి గురించి ఉన్నది చాలా తక్కువ. పెళ్లి సమయంలో గానీ ఆ దగ్గర్లో గానీ కానుకగా వచ్చి, ఇద్దరికీ ఉమ్మడిగా చెందే ఆస్తి గురించి డిక్రీలో (కోర్టు తుది ఉత్తర్వులో) ఏర్పాటు చేయవచ్చని 27వ సెక్షన్ చెబుతుంది. 1997లో బాలకృష్ణ రామచంద్ర కదం కేసులో సుప్రీంకోర్టు దీన్ని కొంత విశాలంగా చదివి, పెళ్లికి ముందో తర్వాతో ఇచ్చినా పెళ్లితో సంబంధం ఉంటే చాలంది. అయినా పెళ్లయిన ఏడెనిమిదేళ్లకు జీతాల మీద లోను తీసుకుని కొన్న ఫ్లాటు ఆ సెక్షన్ కిందకు రావడం కష్టం. పసుపు కుంకుమ కింద పుట్టింటివారు కూతురి పేరున రిజిస్టర్ చేసి ఇచ్చిన స్థలమైతే అది పూర్తిగా ఆమెదే. పంపకం ప్రశ్నే రాదు. నోటిమాటగా ఇచ్చినదైతే నిరూపించుకోవడమే పెద్ద వ్యాజ్యం అవుతుంది, ఎందుకంటే స్థిరాస్తి దానానికి రిజిస్టర్ పత్రం కావాలని ఆస్తి బదిలీ చట్టం అంటుంది.

దస్తావేజులో పేరు, వాయిదాలు కట్టిన ఖాతా

ఉద్యోగాలు చేసే జంటల్లో ఇప్పుడు ఎక్కువగా వస్తున్న తగాదా ఇది. ఫ్లాటు ఒకరి పేరున ఉంటుంది, వాయిదాలు ఇద్దరి జీతాల్లోంచీ వెళ్లి ఉంటాయి. పేరున్నవారు అమ్మకానికి పెడతారు.

బినామీ లావాదేవీల నిషేధ చట్టం ప్రకారం, మరొకరి పేరున కొన్న ఆస్తిని "డబ్బు నాది కాబట్టి ఆస్తీ నాదే" అని దావా వేసి రాబట్టుకోవడం కుదరదు. అయితే 2016 సవరణలో ఒక మినహాయింపు స్పష్టంగా ఉంది. తనకు తెలిసిన, చూపించగలిగిన ఆదాయంతో జీవిత భాగస్వామి పేరున కొంటే అది బినామీ కాదు. ఈ మినహాయింపు భర్తకూ భార్యకూ సమానమే. భార్య పేరున ఇల్లు కొన్న భర్త, భర్త పేరున ఉన్న ఇంటికి డబ్బు కట్టిన భార్య, ఇద్దరూ దీన్ని ఆసరా చేసుకుని హక్కు ప్రకటన కోసం దావా వేయవచ్చు. నెగ్గడం బ్యాంకు స్టేట్‌మెంట్ల మీద ఆధారపడుతుంది. డబ్బు ప్రేమతో ఇచ్చిన కానుకా, పెట్టుబడా అన్న వాదన కూడా అక్కడే మొదలవుతుంది. జీతం లేని గృహిణి చాకిరీకి విలువ కట్టాలన్న వాదన ఇంకా కుదురుకోలేదు. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు కణ్ణయ్యన్ నాయుడు కేసులో, ఇల్లు నడిపిన భార్య శ్రమ కూడా ఆస్తి సంపాదనలో భాగమేనంటూ ఆమెకు సగం వాటా ఇచ్చింది. ఆ తీర్పు తెలుగు రాష్ట్రాల కోర్టుల్లో వాదనకు పనికొస్తుంది గానీ, అవి దానికి కట్టుబడాల్సిన అవసరం లేదు.

ఈ దావాలు సివిల్ కోర్టుకు వెళ్లాలా, ఫ్యామిలీ కోర్టుకా? దంపతుల మధ్య ఆస్తి తగాదాలు ఫ్యామిలీ కోర్టు పరిధిలోనివేనని 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టంలోని 7వ సెక్షన్ చెబుతుంది. విడాకులయ్యాక కూడా ఆ పరిధి కొనసాగుతుందని 2003లో అబ్దుల్ జలీల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తప్పు కోర్టులో వేసి తిప్పి పంపించుకునే లోపు ఇల్లు చేతులు మారిన సందర్భాల్లో నష్టం పూడ్చడం కష్టం.

నివాస హక్కు: బాత్రా నుంచి అహూజా దాకా

పేరు లేని భార్యకు అన్నిటికంటే దగ్గరి ఆయుధం డీవీసీ, అంటే గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు ముందు వేసే కేసు. ఇంటి మీద హక్కున్నా లేకున్నా, కలిసి కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకు ఉందని 17వ సెక్షన్ అంటుంది. ఆ ఇంటిని అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా, అందులో తన హక్కును వదులుకోకుండా భర్తను ఆపే అధికారం 19వ సెక్షన్ మేజిస్ట్రేటుకు ఇస్తుంది. అదే స్థాయి ఇల్లు వేరుగా చూపించమని, లేదా అద్దె కట్టమని కూడా ఆదేశించవచ్చు.

ఇల్లు అత్తమామల పేరున ఉంటే ఏమిటన్నది చాలాకాలం పీటముడిగా ఉండిపోయింది. 2006 డిసెంబరులో బాత్రా కేసులో సుప్రీంకోర్టు, అత్త పేరున ఉన్న ఇల్లు కోడలికి "ఉమ్మడి నివాసం" కాదంది. భర్త సొంత ఇల్లో, అతను అద్దెకు తీసుకున్నదో, అతను సభ్యుడిగా ఉన్న ఉమ్మడి కుటుంబపు ఇల్లో అయితేనే ఆ హక్కని చెప్పింది. దాదాపు 14 ఏళ్లు కింది కోర్టులు ఆ దారిలోనే నడిచాయి. కొడుకు కాపురం చెదిరిందనగానే ఇల్లు తల్లి పేరున ఉందని చూపిస్తే సరిపోయేది. 2020 అక్టోబరు 15న సతీష్ చందర్ అహూజా కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పు తప్పని చెప్పింది. ఇల్లు మామగారిదైనా సరే, కోడలు అక్కడ స్థిరంగా కాపురం చేసి ఉంటే అది ఉమ్మడి నివాసమే. చుట్టపుచూపుగా నాలుగు రోజులు ఉన్న ఇల్లు మాత్రం లెక్కలోకి రాదు. అదే తీర్పు ఆ హక్కు తిరుగులేనిది కాదని కూడా చెప్పింది. యజమానులైన పెద్దవాళ్లు చట్టప్రకారం దావా వేసి ఖాళీ చేయించుకోవచ్చు, కోర్టు ఇరుపక్షాల అవసరాలూ తూచి నిర్ణయిస్తుంది. మరో రెండు నెలలకు, వనిత కేసులో, సీనియర్ సిటిజన్ల చట్టాన్ని అడ్డుపెట్టుకుని కోడలి నివాస హక్కును తుడిచేయడం కుదరదని అదే కోర్టు స్పష్టం చేసింది.

పిటిషన్ రాతలో తరచూ జారిపోయే సంగతి ఒకటుంది. ఉత్తర్వు ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించే 31వ సెక్షన్ "రక్షణ ఉత్తర్వు" గురించి మాట్లాడుతుంది; 19వ సెక్షన్ కింద వచ్చేది "నివాస ఉత్తర్వు". ఆస్తులు అన్యాక్రాంతం చేయకుండా నిషేధించే వీలు 18వ సెక్షన్‌లోనూ ఉంది, అది రక్షణ ఉత్తర్వు. అందుకే అమ్మకం ఆపాలని కోరేటప్పుడు రెండు సెక్షన్ల కిందా అడిగిన పిటిషన్‌కు కోరలు ఎక్కువ.

ఈ గృహహింస చట్టం కింద భర్తలు కేసు వేయలేరు. భార్య పేరున ఉన్న ఇంటిని ఆమె అమ్మకుండా ఆపాలంటే భర్తకు మిగిలేది హక్కు దావా, దానితోపాటు తాత్కాలిక ఇంజంక్షన్ (అమ్మకం ఆపే ఉత్తర్వు). ప్రాథమికంగా కేసులో బలం ఉందని, ఉత్తర్వు ఇవ్వకపోతే పూడ్చలేని నష్టం జరుగుతుందని, ఎక్కువ ఇబ్బంది తనకేనని చూపాలి. "డబ్బు తర్వాతైనా రాబట్టుకోవచ్చు కదా" అని కోర్టుకు అనిపిస్తే ఆ ఇంజంక్షన్ రాదు.

కొనేవాడికి ఏమి కనపడుతుంది?

ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 52వ సెక్షన్ ప్రకారం, ఒక స్థిరాస్తి మీద హక్కు నేరుగా తేలాల్సిన దావా నడుస్తుండగా ఆ ఆస్తిని అమ్మితే, కొన్నవాడు ఆ కేసు ఫలితానికి కట్టుబడాలి. అమ్మకం చెల్లదని కాదు. గెలిచినవారి హక్కు ముందు అది తలవంచుతుంది. కేసు సంగతి నాకు తెలియదన్న జవాబు ఇక్కడ పనిచేయదు.

ఒట్టి విడాకుల ఓపీకి ఈ రక్షణ వర్తించదు. అందులో ఆస్తి మీద హక్కు ప్రశ్న లేదు. మనోవర్తి కేసుకూ సాధారణంగా వర్తించదు. కానీ మనోవర్తి కోరుతూ, ఫలానా ఫ్లాటు మీద దానికి చార్జ్ పెట్టమని, అంటే ఆ ఫ్లాటును పూచీగా కట్టమని, షెడ్యూలుతో (ఆస్తి వివరాల పట్టికతో) సహా అడిగితే పరిస్థితి మారుతుంది. అప్పుడు ఆ ఆస్తి నేరుగా వివాదంలోకి వచ్చినట్టే. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ శాశ్వత భరణానికి భర్త స్థిరాస్తి మీద చార్జ్ పెట్టే అధికారం ఇస్తోంది కూడా. కోర్టును ఏమి కోరుతున్నారో చెప్పే ఒక్క ప్రార్థన వాక్యం, ఒక షెడ్యూలు పేజీ చేర్చడం, చేర్చకపోవడంతో ఇల్లు నిలవడమో పోవడమో తేలిపోతుంది.

చిక్కు ఈసీలో ఉంది. ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు. మహారాష్ట్ర, గుజరాత్‌లలో పెండింగ్ దావా నోటీసును రిజిస్టర్ చేయించే పద్ధతి ఉంది. 52వ సెక్షన్ రక్షణ కావాలంటే అది చేయించాల్సిందే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆ పద్ధతి లేదు. ఇక్కడ రిజిస్టర్ చేయకపోయినా రక్షణ ఉంటుంది కాబట్టి భార్యకు మేలే, కానీ కొనుగోలుదారు ఈసీ తీసి శుభ్రంగా ఉందనుకుని లక్షలు పోస్తాడు. ఆ తర్వాత గేటు దగ్గర తాళం బదులు డీవీసీ ఉత్తర్వు ఎదురవుతుంది. పత్రికల్లో వచ్చే "ఫలానా ఆస్తి కొనవద్దు" అన్న ప్రకటనలు, కోర్టు ఉత్తర్వు నకలును సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అందజేయడం, ఈ లోటును కొంతవరకు పూడ్చే ప్రయత్నాలే. ఈ-కోర్ట్స్ సైటులో అమ్మేవారి పేరుతో వెతికితే కొన్ని కేసులు తేలతాయి. ఒంటరిగా వచ్చి అమ్ముతున్నవారిని "మీ ఆవిడ సంతకం ఎక్కడ?" అని అడిగే పాతకాలపు బ్రోకర్ జాగ్రత్త చాదస్తం కాదు. ఆమె పేరు దస్తావేజులో లేకపోయినా సాక్షి సంతకం చేస్తే, తర్వాత నాకు తెలియదనడానికి అవకాశం సన్నగిల్లుతుంది.

తల్లి పేరున గిఫ్ట్ డీడ్, తండ్రి పేరున జీపీఏ

నోటీసు అందిన వారంలోనే ఫ్లాటును తల్లికో తమ్ముడికో దానపత్రం రాయడం పాత ఎత్తు. డబ్బు తీసుకోకుండా రాసే ఇలాంటి బదిలీలకు చట్టంలో ముందునుంచే మందు ఉంది. ఒక ఆస్తి రాబడి నుంచి మనోవర్తి పొందే హక్కు ఎవరికైనా ఉంటే, ఆ ఆస్తిని ఉచితంగా పుచ్చుకున్నవారి మీద కూడా ఆ హక్కును అమలు చేయవచ్చని ఆస్తి బదిలీ చట్టం 39వ సెక్షన్, 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 28వ సెక్షన్ అంటున్నాయి. డబ్బిచ్చి కొన్నవారి మీద అయితే వారికి ఆ హక్కు గురించి తెలిసి ఉండాలి. ఈ రెండో చట్టంలో మనోవర్తి అంటే తిండి, బట్ట మాత్రమే కాదు, నివాసం కూడా. అహూజా తీర్పు తర్వాత ఈ ఎత్తుకు పదును తగ్గింది. ఇల్లు అత్త పేరుకు మారినా ఉమ్మడి నివాసం కాకుండా పోదు. పైగా 2020 నవంబరులో రజనీష్ కేసు తీర్పు వచ్చాక మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇవ్వాల్సిందే. మొన్నటిదాకా ఉన్న ఫ్లాటు అఫిడవిట్ నాటికి మాయమైతే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

భర్త అమెరికాలో ఉండి, ఇక్కడ తండ్రికి జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికార పత్రం) ఇచ్చి అమ్మించడం తెలుగు కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే మరో దారి. జీపీఏ హోల్డర్ యజమాని తరఫు చేయి మాత్రమే. యజమాని మీద ఉన్న ఉత్తర్వు అతనికీ తగులుతుంది. అయితే ఉత్తర్వులో యజమాని "గానీ, అతని ఏజెంట్లు గానీ" అన్న మాట ఉండేలా చూసుకోవడం, మామగారిని కూడా ప్రతివాదిగా చేర్చడం అవసరం.

ఇద్దరి పేరునా ఉంటే

ఉమ్మడి పేరున ఉన్న ఫ్లాటును ఒక్కరు మొత్తంగా అమ్మలేరు. తన వాటాను అమ్మవచ్చు గానీ, భార్య ఉంటున్న ఇంట్లో సగం వాటా కొనే బయటివాడు దొరకడం అరుదు. అందుకే ఇక్కడ తగాదా తిరగబడుతుంది: ఒకరు అమ్ముదామంటారు, మరొకరు వద్దంటారు.

మార్గం పార్టిషన్ దావా, అంటే వాటాల పంపకం కోరే దావా. మూడు పడక గదుల ఫ్లాటును గోడ కట్టి పంచలేరు కాబట్టి 1893 నాటి పార్టిషన్ చట్టం రంగంలోకి వస్తుంది. సగానికి తగ్గని వాటా ఉన్నవారు, పంచడానికి వీలుకాని ఆస్తిని అమ్మి డబ్బు పంచమని కోరవచ్చు. అలా కోరగానే రెండోవారికి, కోర్టు కట్టించిన విలువకు ఆ వాటా తామే కొనుక్కునే అవకాశం వస్తుంది. అమ్మకం కోరడమంటే అవతలివారికి కొనే హక్కు చేతికివ్వడమే, అందుకని లాయర్లు తొందరపడి ఆ దరఖాస్తు వేయరు. దస్తావేజులో వాటాలు రాయకపోతే ఎవరెంత పెట్టారో దాన్నిబట్టి, ఆధారం లేకపోతే సమానంగా లెక్కిస్తారు. వాటాలు తేల్చే ప్రిలిమినరీ డిక్రీ, పంపకం చూసే కమిషనర్, ఫైనల్ డిక్రీ, మధ్యలో అప్పీళ్లు కలిసి ఏళ్లు పడతాయి.

ఈ ఏళ్లలో బ్యాంకు ఆగదు. ఇద్దరూ సంతకం చేసిన హోం లోనుకు ఇద్దరూ మొత్తం బాకీకి బాధ్యులే. ఫ్యామిలీ కోర్టు "వాయిదాలు భర్త కట్టాలి" అన్నా బ్యాంకు ఆ కేసులో పార్టీ కాదు. 90 రోజులు వాయిదాలు తప్పితే ఖాతా మొండిబాకీ అవుతుంది. తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్మే వీలు బ్యాంకుకు ఇచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది. ఆ చర్యలను ఆపే అధికారం సివిల్ కోర్టుకు లేదు. నివాస హక్కుకూ, ముందే సరైన పద్ధతిలో తాకట్టు పెట్టిన బ్యాంకు హక్కుకూ పోటీ వస్తే సాధారణంగా బ్యాంకుదే పైచేయి. అవతలివారిని సతాయించడానికి వాయిదాలు ఆపేసిన వ్యక్తి, తన వాటాను కూడా వేలంపాటలో తక్కువ ధరకు పోగొట్టుకుంటాడు.

సరిహద్దు దాటితే

గోవాలో పోర్చుగీసు కాలపు సివిల్ కోడ్ ప్రకారం, పెళ్లికి ముందు వేరే ఒప్పందం రాసుకోకపోతే ఆస్తి ఇద్దరికీ ఉమ్మడి. స్థిరాస్తి అమ్మాలంటే ఇద్దరి సమ్మతీ కావాలి. ఇంగ్లండ్‌లో ఇంటి మీద పేరు లేని భాగస్వామి 1996 ఫ్యామిలీ లా యాక్ట్ కింద తన నివాస హక్కును ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు చేయించుకోవచ్చు. కొనేవాడికి అది తెర మీద కనపడుతుంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో కాపురముండే ఇంటిని, అది ఒకరి సొంత ఆస్తే అయినా, రెండోవారి సంతకం లేకుండా అమ్మడానికి వీల్లేదు. కాలిఫోర్నియాలో విడాకుల పిటిషన్ వేసి సమన్లు అందించగానే ఆస్తులు కదిలించవద్దన్న ఉత్తర్వు ఇద్దరి మీదా తనంతట తానే అమల్లోకి వస్తుంది. ఇక్కడ భార్య విడిగా కోరి, వాదించి తెచ్చుకోవాల్సిన స్టే అక్కడ పిటిషన్‌తోనే వస్తుంది. డాలస్‌లో ఇల్లు, హైదరాబాద్‌లో ఫ్లాటు ఉన్న జంటలకు ఈ తేడా తెలియక బోల్తా పడే ప్రమాదం ఎక్కువ. అమెరికా కోర్టు తన ముందున్న వ్యక్తిని ఆదేశించగలదు గానీ హైదరాబాద్ ఫ్లాటు హక్కును నేరుగా మార్చలేదు. స్థిరాస్తి దావా ఆస్తి ఉన్నచోటే వేయాలి. ఇక ఆ విడాకుల డిక్రీ ఇక్కడ చెల్లుతుందా అన్నది మరో ప్రశ్న. తిరుపతిలో పెళ్లి చేసుకున్న జంట విషయంలో, భర్త మిస్సోరిలో తెచ్చుకున్న విడాకులు చెల్లవని 1991లో వై.నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడి వివాహ చట్టంలోని కారణాలపై, భార్య నిజంగా పాల్గొన్న విచారణలో వచ్చిన డిక్రీ అయితేనే గుర్తింపు.

మన దగ్గర కూడా ఇలాంటి మార్పు ఒకసారి గడప దాకా వచ్చింది. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇచ్చే ఏర్పాటుతో వివాహ చట్టాల సవరణ బిల్లును 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభ రద్దుతో 2014లో అది మురిగిపోయింది.

రాజీలో అమ్మకం: ముందు ఎవరు సంతకం పెట్టాలి?

ఇళ్ల తగాదాలు చాలావరకు తీర్పుతో కాక రాజీతోనే ముగుస్తాయి. పరస్పర అంగీకార విడాకుల్లో మొదటి పిటిషన్‌కూ తుది విచారణకూ మధ్య ఆరు నెలల వ్యవధి ఉంది. 2017 నుంచి కోర్టులు తగిన కేసుల్లో దాన్ని సడలిస్తున్నాయి. డిక్రీ వచ్చేదాకా ఏ పక్షమైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చని 1991 నుంచి ఉన్న న్యాయం. అసలు భయం అక్కడే. భార్య ముందుగా ఇంటి మీద హక్కు వదులుకుంటే భర్త డిక్రీకి రాకపోవచ్చు. భర్త ముందుగా ఇల్లు రాసిస్తే ఆమె మనసు మార్చుకోవచ్చు.

అందుకే ఒప్పందాల్లో వరుస క్రమం రాస్తారు. కొనేవారితో అగ్రిమెంటు మీద ఇద్దరూ సంతకం చేస్తారు. బ్యాంకు బాకీ కొనుగోలుదారు సొమ్ములోంచే తీరి, అసలు పత్రాలు విడుదలవుతాయి. మిగిలిన మొత్తానికి విడివిడిగా డీడీలు తీస్తారు, భార్య వంతు డీడీ తుది విచారణ నాడు జడ్జి ముందు చేతులు మారుతుంది. డీవీసీ, ఇతర కేసుల ఉపసంహరణ దానికి ముడిపడి ఉంటుంది. అమ్మకుండా ఒకరికే ఇల్లు వదిలేసే రాజీ అయితే, ఆ ఫ్లాటు వివరాలు మొదటి పిటిషన్ షెడ్యూలులోనే ఉండాలి. కేసులో భాగం కాని స్థిరాస్తిని రాజీ డిక్రీలో చేరిస్తే దానికి మళ్లీ రిజిస్ట్రేషన్ తప్పదని రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది.

పన్ను లెక్క చివరికి గుర్తొస్తుంది. ఉమ్మడి పేరున ఉన్న ఇల్లు అమ్మితే మూలధన లాభం మీద పన్ను ఎవరి వాటాకు వారే కట్టాలి. ధర 50 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే కొనేవాడు 1 శాతం టీడీఎస్ కోసి చెల్లించాలి. అమ్మేవారిలో ఒకరు ప్రవాసి అయితే ఆ వాటాకు 1 శాతం వర్తించదు, కోత చాలా ఎక్కువ. భార్య చేతికి వచ్చే మొత్తం "ఇంత" అని రాజీ పత్రంలో రాసి, అది పన్నుకు ముందో తర్వాతో రాయకపోతే, ముగిసిందనుకున్న కేసు, డిక్రీని అమలు చేయమని కోరే ఎగ్జిక్యూషన్ పిటిషన్ రూపంలో మళ్లీ అదే కోర్టుకు వస్తుంది.